దీపం పక్కన తిరుగుతున్న చక్రం

సర్వర్ల మధ్య లైన్లు ఎందుకు తెగుతున్నాయో పట్టుకోవాలి, శ్యామ్ సుందర్ సారుకి జవాబు చెప్పాలి, వాన పడేలోపు పొదిలి వైపు రైతులకు కోల్డ్ స్టోరేజీ టోకెన్లు అందాలి, కళ్లలో మందు వేసుకోవాలి, యార్డు పక్కన ఆఫీసు, మిర్చి ఘాటు ఏసీలోంచి కూడా వస్తుంది, ఇంతకీ ఈ యలమంద ఎవరు, అందరి పేర్లూ తెర మీదికి వచ్చి పోతుంటే ఈ పేరు మాత్రం ఊపిరి తీసుకున్నట్టు ఆగి ఆగి వస్తోంది, టోకెన్ కావాలి, టోకెన్ కావాలి, రైతు అడిగింది ముందున్న వెబ్ సర్వర్ వింటుంది, వెనకున్న అప్లికేషన్ సర్వర్‌కి చెబుతుంది, టోకెన్ ఇచ్చేది వెనకది, ఇవాళ అందరూ ఒక్కసారే మీద పడ్డారు, వెనక నుంచి మాట లేదు, రైతుల ఫోన్లలో చక్రం తిరుగుతూనే ఉంది, రీస్టార్ట్ కొట్టెయ్ ఫెబా అంటారు సారు, పొద్దున కొట్టాం కదండీ, కాసేపు బాగుండి మళ్లీ అంతే, పైగా వరుసలో ఉన్నవాళ్లంతా చివరికి పోతారు, కల్లాల్లో మిరపకాయ ఆరబోసి ఉంది, అమ్మ ఆ కల్లాల్లో తాలుకాయలు ఏరే నన్ను డిగ్రీ దాకా చదివించింది, తడిసిన కాయ ఎలా నల్లబడుతుందో నాకు తెలుసు, ఈ యలమంద గారినే అడిగితే ఏం కనిపిస్తోందో చెబుతారు, ఫోన్ చేశాను, మోగి మోగి ఆగింది, రెండో నంబరుకి చేస్తే కొడుకట, కోటేష్, నాన్న మొన్న ఆదివారం పోయాడు మేడమ్ అన్నాడు.

అతను అంటుండగానే తెర మీద యలమంద, టోకెన్ కావాలి, మరి నొక్కుతోంది ఎవరండీ, ఎవరూ నొక్కట్లేదు మేడమ్, టోకెన్లు మొదలవగానే రావాలని ఆయనే నొక్కి పెట్టుకున్నాడు, అంతలోనే పోయాడు, పోయిన చోట దీపం పెట్టాం, పెద్దకర్మ దాకా ఆరనివ్వం, ఫోనూ ఆ పక్కనే చార్జింగుకి పెట్టాం, ముట్టుకుంటే ఆయన వంతు పోద్దేమోనని, వెనక నుంచి తల్లి గొంతు, ఒరేయ్ ముట్టుకోబాక, మోగినా ఎత్తబాక, కోటేష్ నవ్వాడో ఏడ్చాడో, నా ఫోన్లోనూ ఇదే చక్రం మేడమ్, పోయినోడిదీ తిరగతానే ఉంది, బతికున్నోడిదీ తిరగతానే ఉంది, మబ్బు మా కల్లం మీదికే వస్తా ఉంది, ఆ పేజీ దానంతట అదే అడుగుతుంది, అలా రాసింది మేమే, నాకు తెలుసు, చర్చికి వెళ్లే మా ఇళ్లలో పోయినవాళ్లకి దీపం పెట్టరు, అయినా నా మెడ వెనక ఎవరో వంగి తెర చూస్తున్నట్టు వెచ్చగా తగిలింది.

లేని మనిషి అడుగుతున్నాడా, అడిగిన చోట మనిషి లేడా, అడిగిన చోట, అదే కదా, సర్వర్ల మధ్య లైను వాడాక వెంటనే తెంచరు, మళ్లీ పనికొస్తుందని తెరిచి ఉంచుతారు, కాసేపు ఊరకుంటే వెనకది చెప్పకుండా తెంచుకుపోతోంది, ముందుది అవతల ఉన్నారనే అనుకుని ఆ ఖాళీలోకే అడుగుతోంది, కాబట్టి ముందుదే ముందు వదలాలి, వదిలి కొత్త లైను తీసుకోవాలి, ముందుది లైను పట్టుకుని ఉండే సెకన్ల అంకె తగ్గించాను, రీస్టార్ట్ వద్దు సార్, చూడండి, అద్దంకి పేర్లు పచ్చబడ్డాయి, పొదిలి, కోటేష్, యలమంద, టోకెన్ వెళ్లింది, ఆ తర్వాత ఆ పేరు రాలేదు, పక్క కుర్చీలోంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది.

ఆ ఇంటివాళ్లు పోయిన ఆయన్ని పట్టుకుని కూర్చోవడం తప్పనుకున్నాను, కాదు, లైను వదలొచ్చు, అడిగిన మనిషిని జవాబు ఇవ్వకుండా వదలకూడదు, రేపు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఆయన పేరు పిలుస్తారు, కోటేష్ పలుకుతాడు, ఆ వరుసలో మీరుంటే, పొదిలి రైతు యలమంద తన వంతు వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడని ఒక్కసారి తలుచుకోండి.