అక్క కొలత

మ్యూజియం వాళ్ళు నాగలి కావాలని వస్తే వడ్రంగి మొట్టమొదట అడిగింది, దాంతో దున్నేది ఎవరని. ఎవరూ దున్నరనీ, వరసలో నిలబెడతారనీ ఆ గదిని చూసుకునే మేడమ్ ఓపిగ్గా చెప్పింది. నేలను గీకిన వంకర కొమ్మతో మొదలుపెట్టి, కర్ర నాగలి, ఇనుప నాగలి, చివర్న ట్రాక్టర్ వెనక తగిలించేది. మనిషి మన్ను తిరగెయ్యడం నేర్చుకున్న కథంతా ఒక్క గదిలో. అందులో కర్ర నాగలిని చెదలు తినేశాయి.

వడ్రంగి నాగళ్ళు మానేసి చాలా కాలమైంది. ఇప్పుడతని బతుకంతా తలుపులూ కిటికీలూ. అయినా పని మరిచిపోలేదు, చిక్కల్లా కొలతతోనే. అతను ఏనాడూ గాల్లోంచి కొలత తియ్యలేదు. నాగలి కోసం వచ్చినవాణ్ణి కొట్టు గుమ్మానికి ఆనించి నిలబెట్టి, చెయ్యి వేలాడెయ్యమని, పిడికిలి ఎక్కడికొస్తే అక్కడ ఉలితో గీత పెట్టేవాడు. దున్నేవాడు పట్టుకునే మేడి సరిగ్గా ఆ ఎత్తులో ఉండాలి. పొట్టిదైతే నడుం విరుగుతుంది, పొడుగైతే భుజం ఎక్కిపోతుంది.

గుమ్మం నిండా గీతలే. వాటిలో ఒకటి ఎంచుకుందామని ఆ సాయంత్రం ఎదురుగా కూర్చున్నాడు. అన్నిటికన్నా పైనున్నది బావది. బావ తాటిచెట్టంత మనిషి. ఆయన పోయాక ఆ నాగలి అక్క పట్టింది. ఏటా మేడి వదులైందనో, కర్ర చీలిందనో దాన్ని ఈ కొట్టుకే తెచ్చేది. ఇతను బాగుచేసి పంపేవాడు. అక్క బావ భుజానికి కూడా వచ్చేది కాదు. మేడి అందుకోవడానికి ఎత్తీ ఎత్తీ ఆమె కుడి భుజం పైనే ఉండిపోయింది, ఎప్పుడు చూసినా ఎవరితోనో గొడవకి దిగినట్టు. దానికి ఇంటిల్లిపాదీ ఆట పట్టించేవాళ్ళు, అందరికన్నా ముందు ఇతనే. ఇప్పుడు గుమ్మమంతా వెతికాడు. అక్క గీత లేదు. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చేసే ఈ ఆఖరి నాగలి అక్కదే కావాలనుకున్నాడు.

మర్నాడు అక్క వచ్చినప్పుడు, గుమ్మం వాలిందేమో చూడాలి, కాస్త ఆనుకుని నిలబడమన్నాడు. గుమ్మం వాలితే తనేం చేస్తుందని గొణుగుతూనే నిలబడింది. ఎడమ పిడికిలి దగ్గర గీత పెట్టాడు, కుడిదాన్ని నమ్మడానికి లేదు గనక.

నాగలి అప్పజెప్పే రోజున అక్కని తోడు రమ్మన్నాడు. దారి పొడుగునా అతనికి ఒకటే దిగులు. వాళ్ళు వద్దంటే, అక్క కళ్ళముందే దాన్ని వెనక్కి మోసుకురావాలి.

అనుకున్నంతా అయింది. వరసలో నిలబెట్టగానే మేడమ్ మొహం చిట్లించింది. మిగతావాటి పక్కన ఇది జానెడు పొట్టిగా ఉందని, జనం పిల్లల ఆటవస్తువనుకుంటారని, మామూలు మగవాడి ఎత్తుకి మళ్ళీ చెయ్యగలరా అని మర్యాదగానే అడిగింది. ఆమెను అనడానికేం లేదు.

అక్క నాగలి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత మేడి పట్టుకుంది. కుడి చెయ్యి తిన్నగా కిందికి దిగింది. ఎన్నో ఏళ్ళుగా దిగని భుజం మెల్లగా దిగి, ఎడమదానికి సమానంగా వచ్చింది.

"ఇది నా కొలత కదరా," అంది.

"నీదే అక్కా."

"మరి అప్పుడు చెయ్యలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

"ఎవరడిగారు? గుమ్మంలోకి వచ్చిన ప్రతివాణ్ణీ నువ్వే పట్టుకుని కొలిచేవాడివి."

ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది.

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి బోర్డులు రాసే మనిషిని పిలిచి, నాగలి ఉన్నచోటే ఉంటుందనీ, ఒక ఆడమనిషి కొలతకి చేసిన నాగలి అని కింద రాయమనీ చెప్పింది. వడ్రంగి సంతోషించాలి. అతనికి సంతోషం రాలేదు.

"పద, బస్సు వెళ్ళిపోతుంది," అంటూ అక్క మేడి వదిలింది. వదలగానే ఆమె భుజం మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.