ఇరవై గ్రాములు

ఆ ల్యాబ్‌లో ఆయన అందరికీ బాబాయే. మనిషిలా నడిచే రోబోను పొద్దున్నే తాళ్లకు కట్టి నిలబెట్టేదీ, రోజంతా అడుగులు వేయించేదీ, సాయంత్రం మరలన్నీ తడిమి చూసేదీ ఆయనే. రోబో కాళ్లకు డిజైన్లు గీసే అమ్మాయి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, "నువ్వు గీస్తావు, నేను విరగ్గొడతాను. మనిద్దరికీ పడదు పో!" అని నవ్వించాడు.

ఆ ఏడు ఆమెకు అప్పగించింది మోకాలికీ మడమకీ నడుమ ఎముకలాంటి భాగం. పాతది కిలో బరువు. దాన్ని సగానికి దించాలి, బలం మాత్రం తగ్గకూడదు. లోపలంతా డొల్ల చేసి, భారం పడేచోటే లోహం ఉంచి, నాలుగు నెలలు కిందా మీదా పడి ఐదువందల ఇరవై గ్రాములకు తెచ్చింది. ఆ మిగతా ఇరవై దగ్గరే ప్రాణం మీదికొచ్చింది. చివరికి మోకాలి దగ్గర లోపలి మూలను పలచన చేసేసింది.

తయారైన ముక్కను తీసుకుని బాబాయ్ ఆ మూల మీద బొటనవేలు రాశాడు.

"అమ్మాయ్, ఇక్కడ మరీ కోసుగా ఉంది. కాస్త గుండ్రంగా తిప్పరాదూ?"

"లెక్క సరిపోయింది బాబాయ్. కంప్యూటర్లో పదిసార్లు చూశాను."

"సరే, చదువుకున్నదానివి," అన్నాడాయన. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. తర్వాత ఆమెను కాల్చుకు తిన్నది అదే.

మూడోరోజు మధ్యాహ్నం, ముప్పై వేల అడుగులు దాటాక, రోబోను ఒంటికాలి మీద ఆపి, ఎత్తిన పాదం కింద అరుగుదల చూద్దామని బాబాయ్ వంగాడు. బరువంతా నిలబడిన కాలి మీదే పడాలని తాడు వదులు చేశాడు. టక్కుమని చప్పుడైంది. ఆమె పలచన చేసిన మూల దగ్గరే ఆ కాలు విరిగి, అరవై కిలోల రోబో ఆయన మోకాలి మీద కూలింది.

రెండు ఆపరేషన్లయ్యాయి. ఇక నిలబడి చేసే పని కుదరదని డాక్టర్లు తేల్చేశారు. ఆఫీసు వాళ్లు వచ్చి అడిగితే, "తాడు వదిలింది నేనే, తప్పు నాదే," అని సంతకం పెట్టాడట బాబాయ్. అది విన్నాక ఆమెకు అన్నం సహించలేదు. జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసులో ఇచ్చి, నేరుగా ఆస్పత్రికి వెళ్లింది.

ఆయన నిద్రలో ఉన్నాడు. గది బయట బల్ల మీద ఆయన భార్య, పిన్ని, కూర్చుని ఆయన చొక్కాకు గుండీ కుడుతోంది.

"పిన్నీ, తప్పు నాది. ఆ మూల గుండ్రం చెయ్యమని బాబాయ్ ముందే చెప్పాడు. నేనే వినలేదు."

పిన్ని చేతిలో సూది ఆగిపోయింది.

"వారం నుంచి ఆయన్ని తిడుతున్నానమ్మా. ముప్పై ఏళ్లుగా యంత్రాలతోనే పని, తాడు సంగతి కూడా మర్చిపోయారా అని. మనిషి నోరెత్తలేదు." చొక్కాను ఒళ్లో మడిచి పెట్టుకుంది. "నిన్న కోపంతో పలకరించనైనా లేదు."

అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. పిన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది.

"ఇప్పుడొద్దు. కాసేపు నన్నిలా ఉండనీ."

లోపల మంచం కిర్రుమంది. పిన్ని కళ్లు తుడుచుకుని గబగబా వెళ్లింది.

"ఎవరొచ్చారు?" బాబాయ్ గొంతు నీరసంగా వినిపించింది.

"ఎవరూ లేరు. మీరు పడుకోండి. కాలు నొప్పిగా ఉందా?"

అమ్మాయి తలుపు దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టలేక, వెనక్కి తిరిగింది.