నడిమి వత్తి

జ్ఞానాంబ నూలు పోగుల కొసను కాలి బొటనవేలికి చుట్టి, జడలా అల్లుతోంది. పూతలపట్టులో ఆమె ఇంటి వెనక రేకుల షెడ్డే కొవ్వొత్తుల కార్ఖానా. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆమె లోకమంతా అదే. వేళ్ల చర్మం మైనానికి మొద్దుబారింది, ముక్కుకు ఇంకే వాసనా ఆనదు. పని నేర్పింది అత్త అక్కమ్మ. ఆమె మాట పెళుసు, చెయ్యి మాత్రం నిదానం.

ఆ అక్కమ్మ ఇప్పుడు వసారాలో మంచం మీద ఎగశ్వాస తీస్తోంది. నర్సమ్మ చూసి, ఇక ఆశ లేదని చెప్పి పోయింది. అక్కమ్మకు చావంటే భయం లేదు. పోయాక తల దగ్గర పెట్టే కొవ్వొత్తి, పాస్టరు ప్రార్థన ముగియకముందే ఆరిపోతుందేమోనన్నదే బెంగ. ఆ బెంగతో తాను ముద్ద మింగదు, కోడలిని మింగనివ్వదు.

పైగా లావుపాటి కొవ్వొత్తే కావాలంది. సన్న వత్తి వేస్తే చుట్టూ గుంట పడి, కరిగిన మైనంలో మునిగి ఆరిపోయింది. విసుగొచ్చి లావు వత్తి వేస్తే మంట ఎగిరెగిరి పడి మసి కక్కింది. ముసలామె దగ్గి దగ్గి సోలిపోయింది. జ్ఞానాంబకు తన పనితనం మీదే కోపం వచ్చింది. ఈసారి రెంటికీ నడుమగా అల్లి, మైనంలో ముంచి, నిటారుగా లాగి, అచ్చు మధ్యన బిగించి మైనం పోసింది. మధ్యాహ్నానికి గట్టిపడింది.

"ఇప్పుడే ముట్టించు" అంది అక్కమ్మ.

"పగటిపూట, బతికుండే మనిషి తలకాడ ఎట్ల పెట్టేది అత్తా?"

"పోయినాక నాకేం కనపడతాది? మీ మామ పోయినపుడు, బతికినన్నాళ్లు ఆయనకి పొగ పడలేదని నేనే సన్న వత్తి ఏస్తి. ప్రార్థన నడుమనే ఆరిపాయ. నా తప్పని ఎవురికీ చెప్పలేదు. అద్దాలియ్యి, సూస్తా."

జ్ఞానాంబ ఆమెకు కళ్లద్దాలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించింది. మంట ఒకసారి తల ఊపి నిలబడింది. పొగ లేదు. మైనం అంచుదాకా పలచగా కరిగింది, గుంట పడలేదు. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"సరిగ్గా ఉండాది మే. ఇంగ పోయి అన్నం తిను" అంది అక్కమ్మ.

జ్ఞానాంబ తిని వచ్చేసరికి అత్త ఊపిరి ఆగిపోయి ఉంది. ముఖంలో బెంగ లేదు. ముందు హమ్మయ్య అనిపించింది, ఏడుపు తరవాత వచ్చింది. పాస్టరు వచ్చి ప్రార్థన ముగించేదాకా మంట నిలకడగా వెలిగింది.

అప్పటికి గుర్తొచ్చి, అత్త ముఖం మీంచి అద్దాలు తీసి కిటికీలో పెట్టింది. ఎప్పుడో విరిగిన అద్దాల కాడకు అక్కమ్మ చుట్టుకున్న వత్తి నూలు బిగి ఇంకా సడలలేదు.