గంతల కుర్చీలో కొత్త మనిషి

ఖమ్రున్నీసా మొట్టమొదటిసారి తప్పు చెప్పింది జమ్మలమడుగులో, ఒక స్కూలు వార్షికోత్సవం రోజున.

మధ్యాహ్నం మూడు గంటలు. స్టేజీ మధ్యలో కుర్చీ, కుర్చీలో ఆమె. రెండు కళ్ల మీద గోధుమపిండి ముద్దలు, వాటి మీద దూది, దాని మీద మూడు మడతల నల్లగుడ్డ. ఆ కట్టు కట్టింది హెడ్మిస్ట్రెస్ హేమలత, పిల్లలందరూ చూస్తుండగా, తన చేతులతోనే. కింద పిల్లల వరసల మధ్య ఫకీర్ సాహెబ్ ఎర్రకోటు వేసుకుని తిరుగుతూ, ఎవరేది అందిస్తే దాన్ని పైకెత్తి భార్యను అడుగుతున్నాడు. ఇరవై ఆరేళ్లుగా జరుగుతున్న ఆటే. ఆయన అడుగుతాడు, ఆమె చెబుతుంది, జనం నోళ్లు తెరుస్తారు.

“బిరీన చెప్పు బేగం, ఇదేంది?”

ఆమెకు “చెప్పు బేగం, ఇదేంది” అన్నది మాత్రమే వినిపించింది. ముందున్న ‘బిరీన’, అంటే త్వరగా అన్న ఒక్క మాట, పిల్లల కేకల్లో, ఫ్యాన్ల రొదలో ఎక్కడో జారిపోయింది.

“పెన్ను!” అంది ధైర్యంగా.

హాలంతా గొల్లుమంది. సాహెబ్ చేతిలో ఉన్నది తాళాల గుత్తి.

కిటుకంతా ఆ అడగడంలోనే ఉంది. ఉత్త “చెప్పు” అంటే పెన్ను. “బిరీన చెప్పు” అంటే తాళాలు. “ఊ, చెప్పు” అంటే చేతిరుమాలు. “ఇప్పుడు చెప్పు” అంటే గడియారం. ఇట్లా నూట ఇరవై వస్తువులకు నూట ఇరవై రకాలుగా అడగడం, అంకెలకు వేరే మాటలు, రంగులకు వేరే మాటలు, జాబితాలో లేని వస్తువుల పేర్లు కూర్చడానికి ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట. సాహెబ్‌ది ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గర నగలకు మెరుగు పెట్టే పని. పెళ్లయిన కొత్తలో ఆయన పని ముగించుకుని రాగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ మాటలు వల్లె వేసేవాళ్లు. ఆమెకు అవన్నీ నోటికి రావడానికి రెండేళ్లు పట్టింది. వచ్చాక మాత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోలేదు.

ఆ రోజు మరో రెండు తప్పులు దొర్లాయి. సాహెబ్ మాటకారి కాబట్టి నెట్టుకొచ్చాడు. “మా బేగం పొద్దన్నుంచి ఏం తినలేదు పిల్లోల్లారా! ఆకలైతే మూసుకున్న కండ్లకు గూడా మసకలు కమ్ముతాయి!” అన్నాడు. పిల్లలు నవ్వి చప్పట్లు కొట్టారు. హేమలత లోపలికి తీసుకుపోయి ఇద్దరికీ పులిహోర పెట్టించింది.

తిరుగు బస్సులో ఖమ్రున్నీసా కిటికీ వైపు చూస్తూ, “నాకు ఇనపడ్లా,” అంది.

“ఏంది ఇనపడ్లా?”

“నువ్వు అడిగేది. శానా దినాల నుంచి సగం ఇని సగం ఊహించుకుంటాండా. ఈ రోజు ఊహ తప్పిపాయ.”

సాహెబ్ బస్సు దిగేదాకా ఆమె సంచి తానే పట్టుకున్నాడు.

చెవుల డాక్టరు పరీక్ష చేసి మిషన్ ఇచ్చాడు. ఇంట్లో అది బాగానే పనిచేసింది. కుక్కర్ విజిల్, పక్కింటివాళ్ల టీవీ, కోడలి గొణుగుడు అన్నీ తెలిసొచ్చాయి. కానీ దాని మీద నల్లగుడ్డ బిగించి కట్టగానే కూయ్ మని కూసేది. హాల్లో అయితే మనిషి మాటనూ కుర్చీ లాగిన చప్పుడునూ కలిపి ఒకే మోతగా చెవిలో పోసేది. నెల రోజులు చూసి, ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. పులివెందులలో ఒప్పుకున్న ప్రదర్శన ఒకటుంది. అది చేసి, గంతల ఆట మానేద్దాం. తాళ్లు, రుమాళ్లు, పావురాలతో సాహెబ్ ఒక్కడే నెట్టుకొస్తాడు.

ఆయన పైకి సరేనన్నాడు గానీ, మనసు ఒప్పుకోలేదని ఆమెకు తెలుసు. తాడు తెంచి అతికిస్తే జనం చూస్తారు. గంతలు కట్టుకున్న మనిషి వస్తువుల పేర్లు చెబితే జనం కుర్చీల అంచుకొచ్చి కూర్చుంటారు.

పులివెందులలో అది ఉద్యోగుల కుటుంబాలు కలుసుకునే సభ, కల్యాణమండపంలో. సాహెబ్ గొంతు పెంచి అడిగాడు. ఇరవై వస్తువులే తీసుకున్నాడు. ఆమె ఇరవయ్యీ సరిగ్గా చెప్పింది. కట్టు విప్పి, కనుబొమలకు అంటిన పిండి తుడుచుకుంటూ తెర వెనక కూర్చుంది. అయిపోయింది అనుకుంటే కళ్లు చెమర్చబోయాయి.

అప్పుడు ఒక అమ్మాయి తెల్లకర్ర నేలమీద తాటించుకుంటూ లోపలికొచ్చింది. వెనకాల తల్లి. అమ్మాయికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. ఆకుపచ్చ చుడీదారు, నున్నగా దువ్విన జడ. చూపు లేదని కర్ర చెబుతోంది.

ఖమ్రున్నీసాకు పాత సంగతి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కింద పెండ్లిమర్రిలో ఒక తల్లి చూపులేని పసిబిడ్డను ఎత్తుకొచ్చి, “కండ్లు మూసుకుని చూసే విద్య నా బిడ్డకు నేర్పు తల్లీ,” అని ఆమె కాళ్లు పట్టుకుంది. ఇది ఆటమ్మా, మహిమ కాదని ఎంత చెప్పినా ఆ తల్లి నమ్మలేదు. ఏడుస్తూనే వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఖమ్రున్నీసాకు అన్నం సయించలేదు. అప్పటినుంచి ప్రతి ప్రదర్శనకూ ముందు సాహెబ్ చేత చెప్పిస్తుంది: “ఇది దేవుడిచ్చిన శక్తి కాదు, మేం నేర్చుకున్న ఆట.” మళ్లీ ఇప్పుడు ఆ కష్టమే ఎదురయిందనుకుంది.

అమ్మాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “అత్తా, నా పేరు మంజుశ్రీ. ఒకటి చెప్తా, కోప్పడొద్దు,” అంది. “బిరీన అంటే తాళాలు. ఊ అంటే రుమాలు. ఇప్పుడు అంటే వాచీ. ఉత్తగా చెప్పు అంటే పెన్ను. చూద్దాం అంటే కండ్లద్దాలు. ఐదు దొరికినాయి. కడమవి ఒక్కోసారే వచ్చినాయి కాబట్టి చిక్కలా.”

సాహెబ్ చేతిలోని పావురాల బుట్ట కింద పెట్టేసి, తెర అవతల ఎవరైనా విన్నారేమోనని తొంగి చూసి వచ్చాడు. “నీకెవురు చెప్పినారు పాపా?”

“మీరే చెప్పినారు గదా మామా, అందరి ముందర! వాళ్లంతా గంతలు చూస్తాండారు. నాకు చూసేదానికి ఏముంది? మీ మాటలే ఇన్నా.”

ఇరవై ఆరేళ్లలో ప్లీడర్లు, మాస్టర్లు, పోలీసులు ఎంతమంది తలలు పట్టుకున్నారో! ఒక్కరికీ అంతుపట్టనిది ఈ పిల్ల గంటలో విప్పేసింది. ఖమ్రున్నీసాకు ఎక్కడలేని నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ మంజుశ్రీ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, ఇట్లాంటివి మొత్తం నూట ఇరవై ఉన్నాయని చెప్పింది.

ఆ అమ్మాయి బస్టాండులో మైకు దగ్గర పని చేస్తుందట. ఏ బస్సు ఎన్ని గంటలకు, ఏ దారిన పోతుందో చీటీ లేకుండా చెబుతుంది. “ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోవు ప్రయాణికులకు గమనిక” అని అక్కడే చెప్పి వినిపిస్తే సాహెబ్ నోరు వెళ్లబెట్టాడు. తాను ఎన్నిసార్లో విన్న గొంతు!

“నువ్వు కూచుంటావా?” అని ఖమ్రున్నీసా హఠాత్తుగా అడిగింది.

“యాడ?”

“నా కుర్చీలో.”

తల్లి కృష్ణవేణమ్మ కంగారు పడింది. “వద్దు వదినా. అంత జనంలో తప్పు చెప్తే నవ్వుతారు.”

“జమ్మలమడుగులో నన్ను నవ్వినారు వదినా. ఏమీ కాలా. పులిహోర తినొచ్చినా.”

మంజుశ్రీ కర్ర మడిచి ఒళ్లో పెట్టుకుని, “కడమ నూట పదహైదు ఎప్పుడు చెప్తారు?” అంది.

పాఠాలు సగం ఫోనులో, సగం ప్రొద్దుటూరులో సాగాయి. వారంలో ఒక సెలవురోజు తల్లీకూతుళ్లు పొద్దున బస్సుకు వచ్చేవాళ్లు. ఇరవై రోజుల్లో మాటలన్నీ వచ్చేశాయి. రావడమే కాదు, దిద్దడమూ మొదలయింది.

“మామా, ఉత్త చెప్పు అంటే పెన్ను అనేది తీసేయండి. ముందుమాట ఇనపడకపోతే తాళాలు, రుమాళ్లు అన్నీ పెన్నులే అయిపోతాండాయి. పెన్నుకు గూడా ఒక మాట పెట్టండి. అప్పుడు ఉత్త చెప్పు ఇనపడిందంటే, నాకు సరిగా ఇనపడలేదని తెలుస్తాది. మళ్లీ అడగమంటా.”

సాహెబ్ భార్య వైపు చూశాడు. భార్య సాహెబ్ వైపు చూసింది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ ఇద్దరికీ తోచలేదు.

ఒక్క చోటే గొడవ వచ్చింది. మంజుశ్రీకి చూపు లేదని ముందే చెబుదామని సాహెబ్ ఆశ. “సందులోంచి చూస్తాండాదని ఇంకెవురూ అనలేరు. పేరు మోగిపోతాది పాపా!”

“వద్దు మామా.” మంజుశ్రీ గొంతు గట్టిపడింది. “నేను ఏం చేసినా, అయ్యో పాపం ఎంత బాగా చేసింది అంటారు. పాట పాడినా అదే, పరీక్ష పాసయినా అదే. ఆ గంతలు కట్టుకుంటే కుర్చీలో కూచున్నది ఎవురైనా ఒకటే. నాకు ఆ చప్పట్లు కావాల. ఆ పాపం లేని చప్పట్లు.”

సాహెబ్ ఇంకేదో అనబోతే ఖమ్రున్నీసా చెయ్యెత్తింది. “పాప చెప్పినట్ల కానీ,” అంది. అంతటితో అది తేలిపోయింది.

దసరా రోజుల్లో ప్రొద్దుటూరులో బట్టల వర్తకుల హాలులో సాయంకాలం నాలుగింటికి ప్రదర్శన. పొద్దున్నే వెళ్లి తెర నుంచి కుర్చీకి ఎన్ని అడుగులో కొలుచుకున్నారు. తొమ్మిది. సాయంత్రం ఖమ్రున్నీసా అమ్మాయిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది, అత్త కొత్త కోడలిని పేరంటంలోకి తెచ్చినట్టు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మొదటి వరసలోంచి ఒక పెద్దాయన వచ్చి పిండి, దూది, గుడ్డ అన్నీ పరీక్ష చేసి, చాలక తన తువ్వాలు కూడా బిగించి కట్టాడు. “బాగా కట్టన్నా, జారిపోతాది,” అంది మంజుశ్రీ. జనం నవ్వారు.

ఖమ్రున్నీసా కిందికి దిగి మూడో వరసలో కృష్ణవేణమ్మ పక్కన కూర్చుంది. కూర్చున్నాక గానీ ఆమెకు స్ఫురించలేదు, ఈ ఆటను తాను ఇంతవరకూ చూడనే లేదని.

ఇన్నేళ్లూ ఆమెకు తెలిసింది పిండి చల్లదనం, నల్లగుడ్డ వాసన, ఒక గొంతు. ఇప్పుడు మనుషులు కనబడుతున్నారు. సాహెబ్ ఏమి అడుగుతున్నాడో ఆ రొదలో ఆమెకు తెలియదు. అందుకని జవాబు వచ్చిన ప్రతిసారీ ఆమె కూడా అందరిలాగే ఉలిక్కిపడింది. ఒకామె తన ముక్కుపుడక తీసి ఇచ్చింది. ఒక ముసలాయన మందుబిళ్లల అట్ట పైకెత్తాడు. ఒక కాలేజీ పిల్ల బస్సు పాసు ఇచ్చింది. స్టేజీ మీద నుంచి పేరు వినబడగానే వాళ్ల మొహాలు ఎంత వెలిగిపోతున్నాయో! తన జేబులోనో సంచిలోనో ఎవరికీ పట్టకుండా పడివున్న వస్తువును, కళ్లు మూసుకున్న మనిషొకరు దూరం నుంచి గుర్తు పట్టారు. వాళ్ల సంతోషమంతా అదే. ముసలాయన ఆ అట్టను మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంటున్నాడు, అది కొత్తగా తనదైనట్టు.

“కిటుకేందంటావు వదినా?” అని అవతలి పక్కనున్నామె ఖమ్రున్నీసాను మోచేత్తో పొడిచింది.

“నాకేం తెలుసమ్మా!” అంది ఖమ్రున్నీసా. ఆ క్షణానికి అది నిజమే.

చివర్లో ముందు వరసలోని ఒకామె ఒళ్లోని గుడ్డసంచి సాహెబ్ చేతికిచ్చింది. ఆయన అందులోకి తొంగిచూసి, గతుక్కుమని, మెడ గోక్కున్నాడు. ఆ వస్తువు నూట ఇరవైలో లేదని ఖమ్రున్నీసాకు అర్థమైపోయింది. అక్షరాలు కూర్చి చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. ఆయన గొంతు సవరించుకుంటున్నాడు.

“సీతాఫలం,” అంది మంజుశ్రీ, ఇంకా అడగకముందే. “బాగా మాగింది. బిరీన తినేయమనండి మామా.”

హాలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత పైకప్పు ఎగిరిపోయేలా మోగింది. సాహెబ్ సంచి పట్టుకుని, జనంలో ఒకడిలా బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. స్టేజీ వైపు ఫ్యాను వీస్తున్న సంగతి, ఆ వాసన అందరి ముక్కులకూ తగులుతున్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. కృష్ణవేణమ్మ చప్పట్లు కొట్టడం మరిచిపోయి కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

ప్రదర్శన అయ్యాక ఆడవాళ్లు గుంపుగా తెర వెనక్కి వచ్చారు. మంజుశ్రీ మొహం కడుక్కుని, సంచిలోంచి మడతకర్ర తీసి విప్పింది. సీతాఫలం ఇచ్చినామె ఆ కర్రను చూసి అక్కడే ఆగిపోయింది.

“నువ్వు… నీకు…?”

“అవునక్కా,” అంది మంజుశ్రీ మామూలుగా. “ఆట అయిపాయ గదా. పులివెందుల బస్సుకు ఆటో యాడ దొరుకుతాది?”

ఆమె తన చేతిలోని సీతాఫలాన్ని మంజుశ్రీ చేతిలో పెట్టి, పాపం అనే మాట అనకుండానే, “మా యబ్బా, ఎట్ల చెప్పినావే!” అంది. మంజుశ్రీ మొహం చాటంతయింది.

వాళ్లను బస్సెక్కించి, భార్యాభర్తలు ఇంటికి నడుస్తున్నారు. వీధంతా దసరా దీపాల కోసం తోరణాలు కడుతున్నారు. సాహెబ్ కోటు మడిచి భుజాన వేసుకున్నాడు.

“నేను అడగకముందే చెప్తే ఇంక నా పనేంది?” అని గొణిగాడు. ఆ గొణుగుడులో గర్వం దాగలేదు.

ఖమ్రున్నీసా నడక ఆపి ఆయన్ను తేరిపార చూసింది.

“ఆ కోటేసుకుని వరసల మధ్యలో తిరుగుతాంటే పెండ్లికొడుకు మాదిరి ఉండావు,” అంది. “ఇన్నేండ్లు నాకెవురూ చెప్పలేదే!”

“ఏందీ?” అన్నాడు సాహెబ్, వినబడనట్టు నటిస్తూ.

ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా.