గంగి దిగాల్సిన బావి

"ఏం తల్లీ రమ్యా, బావి లోతు ఇంకా కొలుస్తానే ఉండావా? మేం దిగేలోపల మా బైరాగి గడ్డం నేలకు తగులుతాది!"

రాయచోటి నుంచి జ్ఞానేశ్వర్ రాసిన ఆ మాటను నాగసుబ్బయ్య సారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోడుమూరు బస్టాండు పక్కన ఆ నెట్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లుంటే, తెలుగు అక్షరాలు సరిగ్గా కనపడేది మూడోదాంట్లోనే. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకే వచ్చి ఆయన దాని ముందు కూర్చున్నాడు.

ఆయన కూతురు రమ్య లేదు. పోయి రెండు నెలలు దాటింది. ఆ సంగతి జ్ఞానేశ్వర్‌కు తెలియదు. కడపలో బీఎడ్ చదివే యశోదకూ తెలియదు. వాళ్లు రమ్యను కళ్లతో చూసినవాళ్లు కారు. కథల పిచ్చి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో పోగయ్యే ఒక తెలుగు ఫోరంలో పరిచయమైనవాళ్లు. అక్కడ ఒక ఆట ఆడతారు. ఒకరు ఒక రాజ్యాన్ని ఊహించి పెడతారు. తక్కినవాళ్లు అందులో తలా ఒక మనిషిని కల్పించుకుంటారు. ఆ తర్వాత వంతు ప్రకారం, తన మనిషి ఏం చేశాడో ఏమన్నాడో ఒక్కొక్కరే పోస్టు రాస్తూ కథను ముందుకు తోస్తారు. పాచికలుండవు, గెలుపోటములుండవు.

రమ్య ఊహించింది ఏడుబావుల సీమ. నూరేళ్లుగా వాన ఎరగని సీమ అది. ఏడు దిగుడుబావులు, ఒక్కో బావి అడుగున ఒక్కో తలుపు. ఏడో తలుపు తెరిస్తే వాన. ఆ ప్రయాణానికి ముందు నడిచేది గంగి, వేపపుల్ల పట్టుకుని భూమిలో నీటిజాడ చెప్పే ఆడమనిషి. గంగి రమ్య మనిషి. జ్ఞానేశ్వర్‌ది బైరాగి. యశోదది చెన్ని అనే కమ్మరి పిల్ల.

కర్నూలు హాస్టల్ నుంచి తెచ్చిన రమ్య ట్రంకు పెట్టెలో ఈ సీమంతా ఒక రెండువందల పేజీల నోటు పుస్తకంలో దొరికింది. పటం ఉంది. పటానికి కింద స్కేలు కూడా ఉంది. "స్కేలు లేనిది పటం కాదు, బొమ్మ" అని ఇరవై నాలుగేళ్లుగా ఎనిమిదో తరగతికి సోషల్ పాఠంలో ఆయన చెప్పే మాటే. నియమాలున్నాయి. వెనక అట్ట లోపల పాస్‌వర్డు ఉంది.

చూసి వద్దామనే మొదటిసారి వచ్చాడు. యశోద ప్రశ్న ఒకటి అక్కడ కాచుకుని ఉంది. "రమ్యా, యాడ పోయినావు? నెల దినాలాయె. పలకవే."

ఆయన వేళ్లు వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొట్టాయి. "ఇక్కడే ఉన్నాను."

అంతే రాశాడు. మరునాటికి యశోద పేజీడు మాటలు రాసి పెట్టింది. జ్ఞానేశ్వర్, "అమ్మయ్య, బతికే ఉండావా!" అన్నాడు. బతికే ఉండావా అన్న ఆ మాట కోసం ఆయన వారంలో నాలుగు సాయంత్రాలు రావడం మొదలుపెట్టాడు.

నోటు పుస్తకంలో నడిమి పేజీలు రెండు దారంతో కుట్టేసి ఉండేవి. ఒకనాడు దారం విప్పి చదివాడు. "మొదటి బావిలోనే గంగి పోవాలి. ఎవరికీ ముందే చెప్పకూడదు. దారి చూపేది ఉంటే వాళ్లు దాని వెనకాలే నడుస్తారు. అది పోతేనే ఆట వాళ్లదైతాది. అప్పట్నించి నేను కథ చెప్పే గొంతుగా మాత్రమే ఉంటా." దాని కింద గంగి మొదటి పోస్టు, రమ్య చేతిరాతతో, సిద్ధంగా ఉంది.

ఆ పేజీలను ఆయన మళ్లీ కుట్టేశాడు.

ఆనాటి నుంచి ఆయనకు ఏర్పాట్లు తప్ప మరో పని లేకపోయింది. బావికి ఎన్ని మెట్లు? ఒక్కో మెట్టు ఎన్ని అంగుళాలు? చద్ది మూట ఎవరు మోయాలి? మొదటి బావికీ రెండో బావికీ దూరం పటంలో రెండున్నర సెంటీమీటర్లు కదా, అలాంటప్పుడు నడకకు ఎన్ని పూటలు? బైరాగి చెప్పులు ఏ తోలువి? రమ్య పేరు మీద ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. జవాబు వస్తే దానికి ఇంకో ప్రశ్న. ఆట మొదలు కానంత కాలం గంగి గట్టు మీదే ఉంటుంది. మొదట ముచ్చటపడి రాసినవాళ్లు తర్వాత విసుక్కున్నారు. గోపీనాథ్ అనే ఇంకో ఆటగాడు, "ఇది ఆటనా, పదో తరగతి పరీక్షనా?" అని రాసి వెళ్లిపోయాడు.

ఫోరంలో ఒక్కో ఆట పోస్టుల వరుస ఒక థ్రెడ్; ఆట మొదలుకాని థ్రెడ్లన్నీ 'ఏర్పాట్లు' అనే అరలో ఉంటాయి. ఆ అరలో దేనికైనా తొంభై రోజులే ఆయుష్షు. ఆలోగా ఆట మొదటి పోస్టు పడితే థ్రెడ్ 'నడుస్తున్న ఆటలు' అరలోకి మారి నిలిచిపోతుంది. లేదంటే తొంభయ్యో రోజు సాయంత్రం ఆరు గంటలకు ఫోరం తనంతట తానే దాన్ని చెరిపేస్తుంది. రమ్య రాసిన నూట పన్నెండు పోస్టులు, ఆమె వేసిన జోకులు, జ్ఞానేశ్వర్‌తో పడిన తగవులు, అన్నీ ఆ థ్రెడ్‌లోనే ఉన్నాయి. ప్రింటు తీయించి చూశాడు. కాగితం నిండా అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి.

ఆ తొంభయ్యో రోజు ఈ ఆదివారమే.

పొద్దున ఇంట్లో సుందరలక్ష్మి వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంటే, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆయన మొదటిసారి భార్యకు అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. చేట పక్కకు జరిపింది.

"అయితే నెలన్నరగా అది ఉన్నట్టే వాళ్లను నమ్మిస్తాండారా?"

"మొదలుపెడితే గంగి పోతుంది. మొదలుపెట్టకపోతే అంతా పోతుంది. ఏదో ఒక ఏర్పాటు..."

"ఆ పొద్దు కూడా మీరు ఏర్పాట్లే చేస్తాంటిరి." ఆమె గొంతు పెంచలేదు. "జ్వరం తలకెక్కిందని, హైదరాబాదుకు తీసకపోదామని, అంబులెన్సు మాట్లాడేకి పోతిరి. అది నాయనా అని రెండు మార్లు పిలిచింది. వస్తాడమ్మా అంటి. మీరొచ్చేసరికి పలికేకి అది లేదు."

పదకొండు రోజుల ఆస్పత్రి గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అదే మొదలు. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. నోటు పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు గోడ గడియారంలో నాలుగు దాటింది. జ్ఞానేశ్వర్, యశోద ఇద్దరూ తమ తమ ఊళ్లలో కంప్యూటర్ల ముందు కాచుకుని ఉన్నారు. ఆయనకు చివరికి ఒక ఉపాయం తోచింది. ఆట మొదలుపెట్టాలి, గంగి దిగకూడదు. అంతే కదా. గబగబా రాశాడు.

"మొదటి బావి వద్దకు అందరూ చేరుకున్నారు. గంగి గట్టుపై నిలబడి తాడు పట్టుకుంది. బైరాగి ముందుగా దిగాడు. చెన్ని అతనిని అనుసరించింది."

తరగతిలో ఒకణ్ని లేపి బోర్డు దగ్గరికి, ఇంకొకణ్ని సుద్దముక్కకు పంపినంత సులువుగా రాసి, పోస్టు బటన్ నొక్కాడు.

నాలుగు నిమిషాల్లో జ్ఞానేశ్వర్ విరుచుకుపడ్డాడు. "నా బైరాగిని బావిలోకి దించేకి నువ్వెవరు? ఎవరి మనిషిని వాళ్లే రాయాల, ఒకరి మనిషి చేత ఇంకొకరు అడుగు గూడా వేయించగూడదు. ఈ మొదటి నియమం పెట్టింది రమ్యే. ఒకసారి నా బైరాగి దగ్గినాడని గోపీనాథ్ రాస్తే వాణ్ని రెండు దినాలు తిట్టింది. ఆ పిల్ల ఇట్ల రాయదు. నెలన్నర నుంచి అనుకుంటాండా. నువ్వు రమ్యవి కాదు."

వెంటనే యశోద అడిగింది. "ఎవరు మీరు? రమ్య యాడ?"

 పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లలను నాగసుబ్బయ్య సారు చాలామందిని పట్టుకున్నాడు. పట్టుబడిన పిల్లవాడు బెంచీ అంచును ఎందుకంత గట్టిగా పట్టుకుంటాడో ఇప్పుడు తెలిసింది. రాసింది చెరిపేద్దామని చూశాడు. వీలు కాలేదు. ఆటగాడు అభ్యంతరం చెప్పిన పోస్టు ఫోరంలో చెల్లదు, థ్రెడ్ ఇంకా 'ఏర్పాట్లు' అరలోనే ఉంది. కంప్యూటర్ కట్టేసి వెళ్లిపోదామనుకున్నాడు. నాలుగున్నరయింది. బయటికొచ్చి, పత్తికొండ బస్సు లేపిన దుమ్ములో కాసేపు నిలబడ్డాడు. సంచిలో పుస్తకం బరువుగా ఉంది. అది నాయనా అని రెండు మార్లు పిలిచింది.

లోపలికి వచ్చి, సెంటర్ చూసుకునే శ్రీవాసవి దగ్గర నిలబడ్డాడు. ఆమె వాళ్ల మామ కిరాణా అంగడి సగాన్ని నెట్ సెంటర్ చేసి నడుపుతోంది. సెలవులకొచ్చినప్పుడు రమ్య ఇక్కడే గంటలు గంటలు కూర్చునేది.

"అమ్మా, నా పేరుతో ఒకటి తెరవాలి."

"రమ్య పేరు మీద ఉండాది గదా సార్?"

"అది రమ్యది."

ఆమె ఆయన ముఖం చూసింది. కుర్చీ లాక్కుని వచ్చి గళ్లన్నీ నింపింది. "పేరు ఏం పెట్టమంటారు?"

"నాగసుబ్బయ్య."

ఆ పేరుతో ఆయన రాసిన మొదటి పోస్టు ఇది. "నేను రమ్యశ్రీ తండ్రిని. రమ్య జ్వరంతో మరణించి అరవై ఆరు రోజులైంది. ఇన్నాళ్లూ ఆమె పేరుతో రాసింది నేను. బైరాగిని, చెన్నిని దించినది తప్పు, ఆ పోస్టు లెక్కలోకి తీసుకోవద్దు. క్షమించండి."

జవాబు రాలేదు. ఐదయింది. ఐదూ పదయింది. ప్రతి నిమిషానికీ పేజీ తాజా చేసి చూశాడు. వెళ్లిపోయారనుకున్నాడు. వెళ్లిపోరా మరి? అప్పుడు ఒక మాట వచ్చింది.

"సార్."

జ్ఞానేశ్వర్. కాసేపటికి ఇంకొకటి. "స్కేలు సార్ మీరేనా? మా నాయన చూస్తే పటానికి సున్నా వేస్తాడు అని ఆరు మార్లు గీసింది సార్. నేను నవ్వేవాణ్ని."

యశోద చాలాసేపటికి రాసింది. "నాకేం తోయడం లేదు సార్. ఆట ఆపేద్దామా?"

ఆపేద్దామంటే అరగంటలో దానంతట అదే ఆగిపోతుంది. ఆయన సంచిలోంచి పుస్తకం తీశాడు. కుట్టిన దారాన్ని పళ్లతో తెంచాడు.

"ఆపవద్దు," అని రాశాడు. "గంగి పోస్టు రమ్యే రాసిపెట్టింది. అక్షరం మార్చకుండా పెడుతున్నాను."

రమ్య పేరులోకి వెళ్లి, ఒక్కో అక్షరం చూసుకుంటూ ఎక్కించాడు. సరిచేయాలని రెండుచోట్ల వేలు ఆగింది. సరిచేయలేదు.

"గంగి వేపపుల్లని నడుముకు దోపుకునింది. తాడు ఒక కొస నడుముకు కట్టుకుని, ఇంకో కొస బైరాగి పక్కన పడేసింది. నేను దిగి చూసొస్తా, మీరు ఈడనే ఉండండి అనింది. తాడు కదిల్తే లాగండి. కదలకపోతే లాగద్దు, శానా లోతుండాది, మీరూ పడతారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి పైకి చూసి నవ్వింది. చీకట్లోకి పోయినాక గూడా గొంతు ఇనపడింది. ఏమప్పా బైరాగీ, నీళ్ల వాసన వస్తాంది!"

పోస్టు వెళ్లింది. పేజీ మళ్లీ తెరుచుకునేసరికి థ్రెడ్ 'ఏర్పాట్లు' అరలో లేదు. 'నడుస్తున్న ఆటలు' అరలో పై వరుసలో ఉంది.

తర్వాత వంతు జ్ఞానేశ్వర్‌ది. "బైరాగి తాడు చేతిలోకి తీసుకున్నాడు. తాడు కదల్లేదు. గంగీ అని పిల్చినాడు. లాగద్దనిందని లాగలేదు గానీ, వదల్లేదు."

ఆ తర్వాత యశోద. "చెన్ని బావి గట్టు మీద పడుకోని రాయికి చెవి ఆనించింది. గంగీ, పలకవే అనింది. ఇంకో మారు అనింది."

పేజీ అడుగున, వంతుల పట్టీలో ఒక గీత కనబడుతోంది. ఇప్పుడు వంతు: గంగి.

నాగసుబ్బయ్య సారు పుస్తకం తిప్పాడు. అవతలి పేజీ ఖాళీ. ఆ అవతలిదీ ఖాళీయే. రమ్య పేరు ఇంకా తెరిచే ఉంది. 'ఇక్కడే ఉన్నాను' అని ఒక్క మాట చాలు. వేళ్లకు ఆ అక్షరాలు ఎక్కడున్నాయో ఇప్పుడు వెతకనవసరం కూడా లేదు. అవతల రాయచోటిలో ఒకడు తాడు పట్టుకుని కూర్చున్నాడు, కడపలో ఒక పిల్ల రాయికి చెవి ఆనించి ఉంది. లోతు నుంచి ఎవరో ఒకరు పలకాలి కదా అని ఆయన ప్రాణం కొట్టుకుంది.

ఎవరి మనిషిని వాళ్లే రాయాలి.

ఆయన రమ్య పేరు లోంచి బయటికి వచ్చాడు. వచ్చే ముందు పాస్‌వర్డు మరిచిపోవడానికన్నట్టు కాసేపు కళ్లు మూసుకున్నాడు. తన పేరుతో లోపలికి వెళ్లాడు. గంగి వంతు దాటిపోతే కథ చెప్పే గొంతు మాట్లాడాలని రమ్య పెట్టిన నియమాల్లోనే ఉంది. ఆ గొంతుగా ఉంటానన్నది ఆమే. ఇప్పుడు ఆ పని చేయడానికి ఇంకెవరూ లేరు.

"సార్, ఇంకొంచెంసేపు కూర్చుంటారా?" అని శ్రీవాసవి అడిగింది.

"ఒక్క వాక్యం, తల్లీ."

రాశాడు.

"బావిలోంచి మారుపలుకు రాలేదు."

చాలాసేపు దాన్ని చూశాడు. అందులో సరిచేయడానికి ఏమీ కనిపించలేదు. పోస్టు బటన్ నొక్కి, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని, బైరాగి ఏం చేస్తాడోనని కూర్చున్నాడు.