స్ప్రే సీసా కిందికి దిగిన రోజు

మా ఫుట్‌బాల్ జట్టు ఓడిన మర్నాడు పొద్దున్నే నేను ఇస్త్రీ పెట్టె ముట్టుకోను. ముట్టుకుంటే ఎవరిదో ఒకరి చొక్కా మాడిపోతుంది. అందుకని నా కొట్టు తలుపు సగం వేసి, పక్కనే ఉన్న సెలూన్లోకి పోయి కూర్చుంటాను. మా జట్టుకి పోస్టుమార్టం అక్కడే జరుగుతుంది.

సెలూన్ అతన్ని చిన్నాపెద్దా అందరం అన్నయ్య అనే పిలుస్తాం. అద్దం ముందున్న చెక్క మీద అతను నాలుగు సరుకులు వరసగా పెడతాడు. కుడివైపు పౌడరు డబ్బా, నడుమ లోషన్ సీసా, దాని పక్కనే నీళ్ళు చల్లే స్ప్రే సీసా, ఎడమవైపు క్రీము డబ్బా. అదే మా డిఫెన్స్. వాటిని అటూ ఇటూ జరుపుతూ గోల్ ఎలా పడిందో తేలుస్తాం. తప్పు ఎవరిదని తేలితే వాళ్ళ సరుకు తరవాతి మ్యాచ్ దాకా వాష్ బేసిన్ కింద కూర్చోవాలి. క్రీము డబ్బా అయితే అక్కడ కాపురమే పెట్టేసింది. స్ప్రే సీసా మాత్రం ఒక్కసారీ దిగలేదు. అది అన్నయ్య తమ్ముడు, డిఫెన్స్ నడుమ నిలబడి కాసే మా స్టాపర్. అభిమానులందరం అతన్ని గోడ అంటాం.

నిన్న డ్రా చేసుకున్నా చాలు, పై డివిజన్లోనే ఉండిపోయేవాళ్ళం. ఇక ఈల వేస్తారనగా గోల్ పడింది. డిఫెన్స్ నడుమ లారీ పట్టేంత ఖాళీ. గోడ ఉండాల్సిన చోట గోడ లేడు.

"క్రీము డబ్బాదే తప్పు," అన్నాడు మా వీధి బస్సు కండక్టరు. డ్యూటీకి పోతూ యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నాడు. "పైకి పరిగెత్తడమే గానీ తిరిగి రావడం తెలీదు వాడికి. రిటర్న్ ట్రిప్పు లేని బండి అది."

"అది ఎప్పుడూ ఉన్నదేగా! నిన్న బంతి ఎటునుంచి వచ్చింది? నడుమ నుంచి," అన్నాను. గెడ్డం బ్రష్షుని అవతలి జట్టు ఫార్వర్డ్ చేసి, స్ప్రే సీసాని గోడ నిన్న నిలబడ్డచోటికి, ఎడమకి జరిపాను. బ్రష్షుని తోశాను. దేనికీ తగలకుండా నేరుగా అద్దం దాకా పోయింది. సీసాని మళ్ళీ నడుమ పెట్టి తోశాను. సీసాకి కొట్టుకుని పడిపోయింది. కండక్టరు కూడా తోసి చూశాడు. ఎన్నిసార్లు తోసినా పడిపోవడమే.

"చూశావా?" అన్నాను అన్నయ్యతో. "ఊరికే కదలకుండా నిలబడినా ఆగిపోయేది. నిన్న వాడి బుర్ర ఎక్కడ పెట్టాడో! తమ్ముడని చూడకు అన్నయ్యా, స్ప్రే సీసాని దించెయ్."

అన్నయ్య అప్పటిదాకా మడిచిన తువ్వాలునే మళ్ళీ మళ్ళీ మడుస్తున్నాడు.

"వాడంతట వాడు జరగలేదురా," అన్నాడు. "నేను జరగమన్నాను."

కండక్టరూ నేనూ అతనివైపు తిరిగాం.

"మ్యాచ్ ముందు గెడ్డం గీయించుకోడానికి వచ్చాడు కదా. ఈ డబ్బాలే పెట్టి చూపించాను. ఎడంపక్క ఓటిగా ఉంది, ఆట చివర్లో నువ్వు అటు జరిగి కాసుకో అన్నాను. కోచ్ నడుమ వదలొద్దన్నాడు అన్నయ్యా అన్నాడు. కోచ్ నిన్నగాక మొన్న వచ్చాడు, నిన్ను చేతుల మీద పెంచింది నేను అన్నాను."

నిజమే, అమ్మానాన్నా పోయాక గోడని పెంచింది అన్నయ్యే. ఆ మాట అన్నాక గోడ ఇంక ఎదురు చెప్పడు.

"ఆట అయ్యాక వాళ్ళ గది బయట నిలబడ్డాను. ఎవడు జరగమన్నాడని కోచ్ అరుస్తున్నాడు. ఎవరూ కాదు సార్, నాదే పొరపాటన్నాడు వీడు. అయితే ఇంక జట్టులోకి రావొద్దన్నాడాయన. తలుపు నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. తోయలేకపోయాను."

"ఎందుకు తోయలేదు?" ఒంటికాలి మీద లేచాను.

"లోపల జట్టంతా ఉంది. సిగ్గేసింది."

ఇంకా గట్టిగా దులిపేవాణ్ణే. కానీ అంతలో గోడ తల వంచి గుమ్మం దాటుకుని లోపలికి వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆటలో జుట్టుకి కట్టుకునే రబ్బరు బ్యాండు తీసి చెక్క మీద పెట్టాడు.

"మొత్తం పొట్టిగా తీసెయ్ అన్నయ్యా. ఇంక ఇది దేనికి?"

అప్పుడు చూశాడు, నడుమ నిలబడి ఉన్న స్ప్రే సీసాని.

"ఇది ఇంకా పైనే ఉందేంటి? నాకొక్కడికీ రూలు లేదా?" అని నవ్వుతూ దాన్ని తీసి బేసిన్ కింద పెట్టాడు. మేమెవరం నవ్వలేదు.

"నేను కోచ్ దగ్గరికి వస్తానురా," అన్నాడు అన్నయ్య. "జరగమన్నది నేనేనని..."

"ఎందుకూ?" గోడ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు చెప్పకపోయినా ఆ గోల్ పడేదే అన్నయ్యా. నడుమ ఉన్నా నేను ఆపలేకపోయేవాణ్ణి."

కండక్టరు నావైపు చూశాడు. చెక్క మీద బ్రష్షు ఇంకా పడే ఉంది. నా నోటికి తాళం ఉండదని మా వీధంతా చెప్పుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు అనేస్తానని నాకూ ఓ గొప్ప.

"అవును," అన్నాను. "ఇందాక మేమూ పెట్టి చూశాం. ఎలా ఉన్నా పడేదే."

అన్నయ్య మా ఇద్దర్నీ చూశాడు. బ్రష్షు పడిపోవడం అతనూ చూశాడు, ప్రతిసారీ.

జుట్టు తడపడానికి అతని చేయి అలవాటుగా చెక్క మీదికి పోయింది. సీసా లేదు. దానికోసం వంగలేదు. కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి, చిన్నప్పుడు తలంటినట్టు తమ్ముడి తల మీద పోసి రుద్దాడు. కత్తెర తీసుకున్నాడు గానీ మళ్ళీ పెట్టేశాడు.

నీళ్ళు గోడ నుదుటి మీదనుంచి చెంపల మీదికి కారుతున్నాయి. తుడవడానికి తువ్వాలు అన్నయ్య భుజం మీదే ఉంది. అది తీసి అన్నయ్య తన ముఖానికే అడ్డం పెట్టుకున్నాడు.