ఇంటికొక్కరే

ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లో ఉండటమంత ఇబ్బంది ఇంకోటి లేదు. కూర్చుంటే వీపున ముడతలు, వాలితే మోచేతుల దగ్గర ముడతలు. పోనీ విప్పి కొక్కేనికి తగిలిద్దామంటే సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తడతారు. అందుకే రిటైరైన హెడ్ క్లర్కు గారు ఉదయం ఎనిమిది నుంచీ హాల్లో నిలబడే ఉన్నారు. పదింటికి వస్తామన్న సర్వే వాళ్ళ జాడ పదకొండైనా లేదు.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఫలానా ఫైలెక్కడుందని ఆయన్ని అడిగినవాళ్ళే గానీ, మీ అభిప్రాయమేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అలాంటిది పోయిన వారం యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. కుటుంబ జీవితం మీద పరిశోధన చేస్తున్నాం, మీ ఇల్లు ఎంపికైంది, నలభై నిమిషాలు మాట్లాడాలి అని. ఆయన దాన్ని నాలుగు జిరాక్సులు తీయించి, మెట్ల మీద ఎదురైనవాళ్ళందరికీ చదివి వినిపించారు.

"వందిళ్ళున్న బిల్డింగులో మా ఇల్లే ఎందుకు ఎంచారంటావ్?" అని పక్కింటి టైలరుని అడిగారు, జవాబు తనకు తెలిసినట్టే.

"నాలుగో తలుపుతో మొదలెట్టి తొమ్మిదింటికోటి లెక్కేసుకుంటూ పోయారంట. నాలుగు, పదమూడు, ఇరవై రెండు. మీది ఇరవై రెండు," అన్నాడు టైలరు సూదిలో దారం ఎక్కిస్తూ. "మెట్ల కింద స్టోరు రూముని కూడా లెక్కేసుంటే నాకొచ్చేది."

హెడ్ క్లర్కు గారు ఆ మాటని అసూయ కింద జమకట్టి, రెండు రోజులు కూర్చుని పదకొండు పేజీల అభిప్రాయాలు రాసుకున్నారు. రాసినవన్నీ భార్యకు చదివి వినిపించారు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ పేజీకొక "ఊఁ" చొప్పున పదకొండు ఊఁలు కొట్టింది.

పదకొండుంబావుకి సర్వే అమ్మాయి వచ్చింది. ఆయన చివరికి కూర్చున్నారు.

"కాగితాలు సరిపడా తెచ్చుకున్నావా అమ్మా? నేను కొంచెం వివరంగా మాట్లాడతాను."

"ముందొక్క మాటండీ. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎంతమంది?"

"ముగ్గురం. నేను, మా అమ్మ, మా ఆవిడ. నా పేరు రాసుకో."

"అలా కుదరదండీ. ఇవాళ్టి నుంచి ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్ళతోనే మాట్లాడాలి. ఇంటికొక్కరే."

"ఇంకేం, నాది వచ్చే నెల తొమ్మిది. అమ్మది చలికాలం. మా ఆవిడది..." ఆయన ఆగారు. పైకి ఫ్యాన్ వంక చూశారు. ఫ్యాన్ ఏమీ చెప్పలేదు. "అదీ చలికాలమే. ఆ చుట్టుపక్కలే."

భార్య దుప్పటిని మూలకి మూల కలిపి చాలా శ్రద్ధగా మడతపెడుతోంది.

"ఎల్లుండేరా," అంది కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన తల్లి.

"ఏది?"

"నీ పెళ్ళాం పుట్టినరోజు. ఎనభై రెండేళ్ళదాన్ని, నాకు గుర్తుంది."

భార్య తరఫున ఇన్నేళ్ళుగా అన్ని ఫారాలూ నింపింది ఆయనే. పుట్టిన తేదీ చేతికి వచ్చింది గానీ బుర్రకెక్కలేదు.

"నేను చెప్తే ఆవిడ చెప్పినట్టేనమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం."

"అన్ని ఇళ్ళల్లోనూ అదే మాటండీ. ఎదురొచ్చి కూర్చున్నవాళ్ళనే అడుగుతూ పోతే, ఊరంతా మాటలపోగులే ఉన్నారని తేలుతుంది. అందుకే ఈ పద్ధతి."

"ఆవిడకి కుదరకపోతే నేనున్నా. ఖాళీయే," అన్నాడు టైలరు. గుమ్మంలోకి ఎప్పుడొచ్చాడో తెలీదు.

"బదులు మనిషిని తీసుకోకూడదండీ."

"నన్నా? నాకేం తెలుసమ్మా," అంటూనే భార్య చీర సర్దుకుని, అమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టింది. ఎవరూ వినకూడదన్నది ఇంకో రూలట.

పది నిమిషాలు గడిచాయి. తర్వాత లోపల్నుంచి నవ్వు. మొదట అమ్మాయిది, ఆ వెనకే ఆవిడది. మామూలు నవ్వు కాదు, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలయ్యే నవ్వు. హాల్లో ఆయన తల్లి కూడా నవ్వడం మొదలుపెట్టింది.

"నీకేం వినబడిందే?"

"నాకేం వినబడుతుందిరా. నవ్వుతున్నారుగా, తోడుంటున్నా. నువ్వు ముందా తలుపు మీంచి చెవి తియ్యి, ఊడొచ్చేలా ఉంది."

నలభై నిమిషాలు గంటన్నర అయింది. మధ్యలో అమ్మాయి తలుపు ఓరగా తీసి, ఇంకో రెండు తెల్లకాగితాలుంటే ఇమ్మంది. చివరికి భార్య బయటికొచ్చింది. ఇప్పుడే తలస్నానం చేసొచ్చినట్టు మొహం కళకళలాడుతోంది.

"ఏం చెప్పావు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"బయటికి పొక్కనివ్వరటండీ. నా పేరు కూడా రాసుకోలేదు, నంబరిచ్చారు," అంటూ ఏదో కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వెళ్ళింది. ఆ గొంతులో రాగం ఉందని ఆయనకి ఇవాళే తెలిసింది. వింటుంటే, ఎందుకో గానీ, ఆయనకీ నవ్వొచ్చింది.

అమ్మాయిని మెట్ల దగ్గర పట్టుకున్నారు. "ఆవిడకేం ఇష్టమో, ఆ ప్రశ్న ఉందా అందులో?"

"పదిహేడో ప్రశ్నండీ."

"ఏం చెప్పింది?"

"చెప్పకూడదండీ. పావుగంట చెప్పారు మాత్రం," అని అమ్మాయి ముప్పై ఒకటో తలుపు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఆయన వంటింటి గుమ్మంలో మూడుసార్లు నిలబడ్డారు. ఆవిడ "ఏం కావాలి?" అనడం, ఈయన మంచినీళ్ళనడం. మూడు గ్లాసులు తాగారు. జవాబులు చెప్పడానికి అలవాటుపడ్డ నోరు, ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పెగలడం లేదు.

ఎల్లుండి ఎంతో దూరం లేదు. టైలరుని అడుగుదామంటే అతని నోట్లో నువ్వుగింజ నానదు. అత్తాకోడళ్ళు ఒక్కటైపోయారు కాబట్టి వాళ్ళమ్మ పెదవి విప్పదు. చదువుతున్న అమ్మలూ అయ్యలూ, ముప్పై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా, "నీకేం ఇష్టం?" అని భార్యని ఎలా అడగాలో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. ఆయన నాలుగో గ్లాసుకి లేస్తున్నారు.